అలెగ్జాండర్ మెక్‌గిల్లివ్రే ఏ వంశవృక్షంలో ఉండాలి?

వేర్లవేట:
అమెరికా సరిహద్దుల్లో స్థిరపడిన తొలితరం స్కాట్లండ్ కుటుంబాల వంశవృక్షాల్లో నాకు మింగుడుపడనిది ఒకటుంది. లాక్లన్ మెక్‌గిల్లివ్రేది ఇన్వర్‌నెస్ ప్రాంతపు డన్‌మాగ్లాస్ వంశం. 1736లో జార్జియాకు చేరిన హైలాండర్లలో, అంటే స్కాట్లండ్ కొండసీమవాళ్లలో, ఆయనొక కుర్రవాడు. తర్వాత అమెరికా ఆదివాసులైన క్రీకు జాతి ఊళ్లలో జింక చర్మాల వ్యాపారం చేసి బాగా గడించాడు. క్రీకుల గాలి గణానికి చెందిన సెహోయ్‌తో కాపురం పెట్టాడు. వారి కొడుకు అలెగ్జాండర్ 1750లో పుట్టాడు. 1790లో న్యూయార్క్‌లో అధ్యక్షుడు జార్జి వాషింగ్టన్ ప్రభుత్వంతో క్రీకుల తరఫున ఒప్పందం కుదుర్చుకున్నది ఈయనే. చాలా వంశవృక్షాల్లో ఆయనను డన్‌మాగ్లాస్ కొమ్మకు తగిలించి, తల్లి పేరు పక్కన ‘ఇండియన్ రాకుమారి’ అని రాసి చేతులు దులుపుకుంటారు. క్రీకుల్లో బిడ్డ తల్లి గణానికి చెందుతుంది. తండ్రి ఎంతటివాడైనా ఆ గణానికి బయటివాడే. అందుకని ఈ కొమ్మ గాలి గణానిదే అంటాను.

పాతకాగితం:
వంశవృక్షానికి ఆధారం కాగితమండీ, అభిమానం కాదు. లాక్లన్ ఉత్తరప్రత్యుత్తరాలున్నాయి. అమెరికా విప్లవకాలంలో బ్రిటన్ రాజు పక్షాన నిలిచినందుకు జార్జియా ఆయన ఆస్తిని జప్తు చేసిన దాఖలాలున్నాయి. అలెగ్జాండర్ కూడా తండ్రి ఇంటిపేరుతోనే సంతకం చేశాడు, ఆ జప్తు సంగతి మరిచిపోనూ లేదు.

ఇక సెహోయ్ వైపు చూడండి. ఆమె తండ్రి టూలూజ్ కోటలోని ఫ్రెంచి కెప్టెన్ మార్షాండ్ అనీ, 1721 నాటి సైనికుల తిరుగుబాటులో చనిపోయాడనీ అందరూ రాస్తారు. ఆ కథకు ప్రాచుర్యం తెచ్చింది 1851లో ఆల్బర్ట్ పికెట్ అచ్చువేసిన అలబామా చరిత్ర, అంటే 130 ఏళ్ల తర్వాత! లాక్లన్ జేబులో షిల్లింగుతో చార్లెస్టన్‌లో ఓడ దిగాడనీ, కూలి కింద దొరికిన జేబుకత్తిని జింక చర్మాలకు మార్చుకుని వ్యాపారం మొదలుపెట్టాడనీ చెప్పిందీ ఆ పుస్తకమే. హైలాండర్లతో జార్జియాకు వచ్చినవాడు చార్లెస్టన్‌లో ఎలా దిగాడు? కత్తి కథను పక్కన పెట్టినవాళ్లు కెప్టెన్ కథను మాత్రం ఎందుకు నమ్మాలి?

కూసాతీరం:
నేనుండేది అలబామాలోని మాంట్‌గోమరీలో. కూసా, టాలపూసా నదులు కలిసేచోట, వెటంప్కా దగ్గరుంది ఆ టూలూజ్ కోట. రెండు వైపులా రాసుకుంటే పోయేదానికి ఇంత రగడ ఎందుకండీ? మన ఇళ్లలో మాత్రం? ఇంటిపేరు తండ్రిది, ముద్దుమురిపెం మేనమామది.

వేర్లవేట:
క్రీకుల మేనమామ సంగతి ముద్దుమురిపెంతో ఆగదు, ఆస్తి దాకా వెళ్తుంది. 1793 ఫిబ్రవరిలో అలెగ్జాండర్ పెన్సకోలాలో, వ్యాపారి విలియం పాంటన్ ఇంట్లో కన్నుమూశాడు. పాంటన్ కూడా స్కాట్లండ్‌వాడే, ఆయన తోటలోనే సమాధి చేశారు. అలెగ్జాండర్‌కు కొడుకున్నాడు, ఆ పిల్లవాణ్ణి చదువుకని స్కాట్లండ్ పంపించారు కూడా. ఆస్తి మాత్రం క్రీకు ఆచారం ప్రకారం అక్కచెల్లెళ్ల చేతికి వెళ్లింది. వారసులెవరో ఆ సమాజమే తేల్చి చెప్పాక మనం ఇంటిపేరు పట్టుకుని వేలాడడమేమిటి?

విలియం వెదర్‌ఫర్డ్‌నే తీసుకోండి, 1813లో మిమ్స్ కోట మీద దాడి చేసిన క్రీకుల నాయకుడు. అలెగ్జాండర్‌కు తల్లి ఒక్కరే, తండ్రి వేరు అనిపించుకునే సోదరి కొడుకు. మెక్‌గిల్లివ్రే వృక్షంలో అతనికి చోటే లేదు. గాలి గణం లెక్కలో సొంత మేనల్లుడు. మీ కాగితాల వృక్షం ఈ బంధాన్ని ఎక్కడ చూపిస్తుంది?

పాతకాగితం:
చూపించదు. ఆస్తి వాదన గట్టిదే, వెదర్‌ఫర్డ్ సంగతి ఇంకా గట్టిది. మరి మార్షాండ్‌ను ఏం చేస్తారు?

వేర్లవేట:
కొట్టేస్తాను. తండ్రి ఫ్రెంచివాడైనా మరొకడైనా గాలి గణంలో సెహోయ్ స్థానం మారదు. ఆ కెప్టెన్ అవసరం తండ్రి వైపు నుంచి లెక్కపెట్టేవాళ్లకే.

కూసాతీరం:
పూర్తిగా కొట్టేయడం ఎందుకు? చుక్కల గీతతో కలపవచ్చుగా.

వేర్లవేట:
చుక్కల గీతను నాలుగో వ్యక్తి ఎత్తిరాసేసరికి నిండు గీత అవుతుందండీ. నెట్‌లో రోజూ చూస్తున్నదే.

పాతకాగితం:
మీరు కొట్టేస్తే ఇంకొకరు పికెట్ చదివి మళ్లీ చేరుస్తారు, ఈసారి నిండు గీతతోనే. పేరు ఉంచండి. పక్కనే ‘1851 నాటి కథనం’ అని రాయండి, దానికి ముందరి కాగితం ఎవరైనా చూపిస్తే అప్పుడు మార్చండి.