తిండికీ పెరిగి, మద్యానికీ పెరిగితే డోపమైన్‌లో తేడా ఎక్కడ?

సందేహజీవి:
సెమినార్ ఒకటి నెత్తిన పడింది. మద్యం ఇస్తే ఎలుక మెదడులో డోపమైన్ (మెదడు కణాలు ఒకదానికొకటి సంకేతాలు పంపుకునే రసాయనం) పెరుగుతుందని ఒక పేజీలో, తిండి పెట్టినా పెరుగుతుందని పక్క పేజీలో రాశారు. మరి మద్యానికి ప్రత్యేకత ఏముంది? ల్యాబ్‌లో చేసినవాళ్లెవరైనా చెప్తారా?

పాత ల్యాబ్ మనిషి:
మూడేళ్లు ఇదే పని చేశానండి, మైక్రోడయాలసిస్. ఎలుక మెదడులో న్యూక్లియస్ అక్యుంబెన్స్ అనే చోట సన్నటి గొట్టం ఉంటుంది. దాని గుండా ఉప్పునీటి లాంటి ద్రవాన్ని చాలా నెమ్మదిగా పంపి, అవతల వచ్చే చుక్కల్ని పట్టి డోపమైన్ కొలుస్తాం. పది నిమిషాలకో సీసా మార్చాలి. ఎలుకలకు రాత్రే పగలు, కాబట్టి నాకూ అంతే.

1988లో ఇటలీలో డి కియారా, ఇంపెరాటో ఈ పద్ధతితోనే మద్యం, నికోటిన్, కొకైన్, మార్ఫిన్ అన్నీ అక్కడ డోపమైన్‌ను పెంచుతాయని చూపించారు. దారులు మాత్రం వేరు. కొకైన్, విడుదలైన డోపమైన్‌ను తిరిగి కణంలోకి పోనివ్వదు. మద్యం అలా అడ్డుపడదు, డోపమైన్ కణాలనే ఎక్కువ చురుగ్గా పనిచేయిస్తుంది. అందుకే గ్రాఫ్‌లో కొకైన్ కొండైతే మద్యం చిన్న దిబ్బ.

ఇక తిండి. కొత్త రుచి మొదటిసారి పెడితే అక్యుంబెన్స్‌కి బయటి భాగమైన షెల్‌లో డోపమైన్ పెరుగుతుంది. అదే మళ్లీ పెడితే ఆ స్పందన తగ్గిపోతుంది. మత్తుపదార్థాలకు అలా తగ్గదు. మీ ప్రశ్నకు అసలు జవాబు ఇక్కడే ఉందని నాకనిపిస్తుంది.

నన్ను తికమకపెట్టింది మాత్రం వేరే సంగతి. తాగడం అలవాటైన ఎలుక సీసాకి మూతి పెట్టిన మొదటి నిమిషాల్లోనే డోపమైన్ ఎగిసింది. అవే చుక్కల్లో మద్యం ఎంతుందో చూస్తే, అప్పటికి మెదడుకి చేరింది కొంచెమే. అది మెల్లగా పెరుగుతుంటే డోపమైన్ దిగిపోతోంది! సీసాలు తారుమారు చేశానేమోనని ఆ రాత్రంతా టెన్షన్. తప్పేం జరగలేదు. మొదటి ఎగుడు వాసనకీ రుచికీ వచ్చినట్టుంది.

చదువరి:
అయితే డోపమైన్ అంటే ఆనందం అనేది ఉత్తమాటేనా?

పాత ల్యాబ్ మనిషి:
చాలావరకు అంతే. షుల్ట్జ్ అనే శాస్త్రవేత్త కోతులతో చేసిన ప్రయోగాలు చూడండి. మొదట్లో జ్యూస్ అందగానే డోపమైన్ కణాలు స్పందించాయి. దీపం వెలిగాక జ్యూస్ వస్తుందని నేర్చుకున్నాక, దీపానికే స్పందించాయి. వస్తుందనుకున్న జ్యూస్ రాకపోతే ఉన్న చురుకూ తగ్గింది. బెర్రిడ్జ్ అనే ఇంకో శాస్త్రవేత్త వాడిన ఎలుకలది ఇంకో కథ. మెదడులో డోపమైన్ దాదాపు లేకుండా చేస్తే అవి తిండి జోలికే పోలేదు. అయినా నాలుకమీద తీపి వేస్తే మామూలుగానే మూతి నాకాయి. కావాలనిపించడం వేరు, బాగుందనిపించడం వేరు.

గ్రాఫ్ పిచ్చోడు:
పది నిమిషాల సీసా అంటే పది నిమిషాల సగటు. క్షణంలో వచ్చిపోయే ఎగుళ్లు అందులో కలిసిపోతాయి. వాటికి వోల్టామెట్రీ, అంటే మెదడులో సన్నటి ఎలక్ట్రోడ్ పెట్టి డోపమైన్‌ను క్షణక్షణానికీ కొలిచే పద్ధతి కావాలి. సెమినార్‌లో ఇది తప్పకుండా అడుగుతారు.

సందేహజీవి:
అందరికీ థాంక్సండీ. స్లైడ్‌లో ఏం గీయాలి?

పాత ల్యాబ్ మనిషి:
డోపమైన్ గీత, మద్యం గీత ఒకే గ్రాఫ్‌లో, కాలం అడ్డంగా. తాగకముందు తీసిన శాంపిళ్లు కనీసం మూడు చూపించండి. మా మేడం మొదట వేలు పెట్టేది అక్కడే.