స్లాబు గదిలో బేస్ గుమ్మంటోంది: వెనక పోర్టు పెట్టెలు మార్చాలా?

కౌశిక_కాలువ
మాది అమలాపురం దగ్గర కొత్తగా కట్టిన స్లాబు ఇల్లు. హాలు 14 అడుగుల పొడవు, 12 వెడల్పు, కప్పు ఎత్తు 10. అడుగు స్వరాలు (బేస్) పలికించే ఊఫర్ ఆరున్నర అంగుళాలున్న స్పీకర్ పెట్టెలు జత తెచ్చుకున్నాను. పోర్టు, అంటే పెట్టెలోని గాలి బయటికీ లోపలికీ ఆడే గొట్టం, వెనక ఉంది, అడ్డుకొలత రెండున్నర అంగుళాలు. గోడకూ పెట్టెకూ మధ్య నాలుగు వేళ్ల సందు మాత్రమే దొరికింది. సోఫా ఎదుటి గోడకు ఆనించి ఉంది. బేస్ గిటార్ అడుగు స్వరాలకు దిగిందంటే కిటికీ రెక్కలు అదురుతున్నాయి, గాయని గొంతు ఆ హోరులో మునిగిపోతోంది. కాస్త పై స్వరానికి వెళ్లగానే అసలు బేస్ ఉన్నట్టే ఉండదు. దుకాణంవాళ్లు ముందు పోర్టు ఉన్న జత తీసుకోమంటున్నారు, వీటికి సగం ధర కట్టిస్తారట. మార్చేయమంటారా?

పెట్టెలపని_పాలకొల్లు
మార్చేయండి. నాలుగు వేళ్ల సందు అన్నారు చూడండి, జబ్బు అక్కడే ఉంది. గొట్టం అడ్డుకొలత ఎంతో సందు కూడా ఇంచుమించు అంతే. గాలి బయటికి వచ్చి తిరిగి లోపలికి పోవడానికి చోటు చాలదు. గోడ అడ్డంగా ఉండటం వల్ల గొట్టం పొడవు పెరిగినట్టే అవుతుంది, పోర్టు శ్రుతి (అది బాగా మోగే స్వరం) కిందికి జారుతుంది, గట్టిగా పెడితే బుస్సుమనే చప్పుడు కూడా వస్తుంది. వెనక పోర్టుకు అడుగైనా ఖాళీ వదలాలి. మన ఇళ్లలో అడుగు ఖాళీ వదిలేవారు ఎక్కడున్నారు? అందుకే నేను చేసే పెట్టెలన్నిటికీ పోర్టు ముందే పెడతాను.

లాకులదారి
సందు గురించి చెప్పింది నిజమే. కానీ ఈ హోరుకు, పోర్టు ముందుందా వెనకుందా అన్నదానికి సంబంధం లేదు. ఇలాంటి పెట్టెల్లో పోర్టు పనిచేసేది 45 హెర్ట్జ్ (సెకనుకు 45 కంపనాలు) చుట్టుపక్కల. ధ్వని వేగం సెకనుకు 343 మీటర్లు, అంటే అక్కడ అల పొడవు ఏడున్నర మీటర్ల పైనే. పెట్టె లోతు అడుగు. అంత పొడుగు అలకు అడుగు లోతు పెట్టె అడ్డే కాదు, చుట్టు తిరిగి అన్ని వైపులకూ ఒకేలా వెళ్తుంది.

అసలు కారణం ఆ 14 అడుగులు. అల పొడవులో సగం గది పొడవుకు సరిపోయినప్పుడు గది తానే మోగుతుంది. మీ హాలు పొడవుకు అది 40 హెర్ట్జ్ దగ్గర. ఆ స్వరం గోడల దగ్గర అత్యధికంగానూ గది నడుమ అతి తక్కువగానూ వినిపిస్తుంది. మీ పెట్టెలు ఒక గోడకు, సోఫా ఇంకో గోడకు. రెండు చివరలూ మీరే పట్టుకున్నారు.

వశిష్ఠ_గట్టు
343 అన్నది 20 డిగ్రీల లెక్క. మన కోనసీమ హాలులో 20 డిగ్రీలు ఎప్పుడుంటుంది? 30 డిగ్రీలకు 349 తీసుకోవాలి.

లాకులదారి
సరే, 349 వేసుకుందాం. పొడవుకు 41, వెడల్పుకు 48, ఎత్తుకు 57 వస్తాయి. బేస్ గిటార్ అడుగు తీగ మీటితే పలికేది కూడా 41 హెర్ట్జే. కౌశిక గారి కిటికీ రెక్కలు ఆ స్వరానికే ఎందుకు అదురుతున్నాయో మీ లెక్కే ఇంకా బాగా చెబుతోంది.

వశిష్ఠ_గట్టు
మరి ఏసీ వేస్తే ఆ స్వరం మారిపోదా?

లాకులదారి
ఒక్క హెర్ట్జ్ కూడా మారదు. దయచేసి చర్చను అటు తీసుకుపోకండి.

పెంకుటిల్లు
రాజోలు వైపు మాది పాత మండువా ఇల్లు. మా పెట్టెలకు పోర్టు వెనకే, గోడకు ఆనించే పెట్టాం, ఎప్పుడూ గుమ్మనలేదు. పండగకు అవే పెట్టెలు తమ్ముడి స్లాబు ఇంటికి పట్టుకెళితే పది నిమిషాల్లో అందరూ ఆపేయమన్నారు. సందు కూడా ఇక్కడ ఉన్నంతే.

పెట్టెలపని_పాలకొల్లు
పెంకుటింట్లో బేస్ కప్పులోంచి, మండువాలోంచి బయటికి పోతుంది. అక్కడ ఏ పెట్టె పెట్టినా గుమ్మనదు. ఆ ఇంటిని చూపించి స్లాబు ఇంటివారికి సలహా ఇస్తే ఎలా? స్లాబు గదిలో గోడ పక్కన నోరు తెరిచిన గొట్టం పెడితే ఏమవుతుందన్నది ఇక్కడ ప్రశ్న. కౌశిక గారూ, ముందు పెట్టెల్ని మీటరు ముందుకు లాగి వినండి, తేడా మీకే తెలుస్తుంది.

లాకులదారి
మీటరు లాగితే ఇంకో తంటా వస్తుంది. ఊఫర్ నుంచి వెనక గోడకు ఉన్న దూరం అల పొడవులో పావు వంతు అయిన చోట, గోడకు తగిలి తిరిగొచ్చిన ధ్వని ఎదురుగా వచ్చేదాన్ని కొట్టేస్తుంది. ఇప్పుడు ఆ దూరం 40 సెంటీమీటర్లు అనుకుంటే, ధ్వని అలా పడిపోయే గుంట 218 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. మీటరు దూరం చేస్తే 87కు దిగుతుంది, సరిగ్గా బేస్ నడుమకు. అప్పుడు అడుగు స్వరాలు హోరెత్తుతూనే ఉంటాయి, పైన ఉండాల్సిన బిగి పోతుంది. ఇదీ పోర్టుతో పనిలేని విషయమే. పోర్టే లేని మూత పెట్టెకైనా ఇంతే.

కౌశిక గారూ, డబ్బు పెట్టే ముందు ఒక పని చేయండి. పోర్టు నోట్లో గట్టిగా గుడ్డ కూరి అదే పాట పెట్టండి. తర్వాత కుర్చీ వేసుకుని గది నడుమ కూర్చుని వినండి.

నరసాపురం_గాలి
గుడ్డ కూరేముందు టార్చి వేసి లోపల చూడండి. మా వెనక పోర్టు గొట్టంలో కందిరీగ మట్టిగూడు కట్టింది. ఆ పెట్టె ఒక్కటే వేరుగా పలుకుతుంటే ఊఫర్ పోయిందనుకున్నాం.

కౌశిక_కాలువ
గూడు ఏమీ లేదు. గుడ్డ కూరాక హోరు కొంత తగ్గింది, కానీ మోగే స్వరం అదే, రెక్క అదిరేదీ అదే చోట. గది నడుమ కుర్చీలో కూర్చుంటే ఆ స్వరం దాదాపు మాయమైంది. సోఫా మాత్రం జరపలేను. నడుమ జాగా అమ్మ మంచానికి దారి.

పెట్టెలపని_పాలకొల్లు
గుడ్డ కూరితే తగ్గిందన్నారు. ఇంకేం కావాలి? పోర్టే కారణం.

లాకులదారి
స్వరం మారలేదన్నారు. గదే కారణం. గుడ్డ కూరితే పోర్టు శ్రుతి దగ్గర ధ్వని ఎలాగూ తగ్గుతుంది, ముందు పోర్టుకు కూరినా తగ్గుతుంది. పైగా ముందు పోర్టుకు ఒక లోపం ఉంది. గొట్టం తన పొడవును బట్టి తానూ మోగుతుంది. 17 సెంటీమీటర్ల గొట్టమైతే సుమారు 1000 హెర్ట్జ్ దగ్గర, అంటే గాయకుల గొంతు ఉండే చోటే. వెనక ఉంటే ఆ మోత గోడవైపు పోతుంది, ముందుంటే నేరుగా చెవిలో పడుతుంది. ఇది ఏ దుకాణంలోనూ చెప్పరు. ముందు పోర్టు అనే మాట సరుకు మార్పించడానికి పనికొస్తుంది కాబట్టి అదొక్కటే చెబుతారు.

పెట్టెలపని_పాలకొల్లు
సరుకు మార్పించడానికా? మీరు ఎవరిని అంటున్నారు? నా దగ్గర కొన్నవారు ఒక్కరైనా వెనక్కి తెచ్చారేమో పాలకొల్లు వచ్చి అడగండి. ఎండీఎఫ్ (చెక్కపొడి నొక్కి చేసిన పలక) మన తేమకు ఉబ్బుతుందని లాభం తగ్గినా ప్లైవుడ్ వాడుతున్నాను. ఫోనులో నాలుగు లెక్కలు చూసి వచ్చి, రంధ్రం ఎక్కడ కోయాలో నాకు చెప్పేవారు ఎక్కువైపోయారు. వారు చెప్పినట్టే చేయించుకుంటారు. బాగా లేకపోతే పేరు పోయేది నాది.

లాకులదారి
మిమ్మల్ని అనలేదు. మా మావయ్యకు జరిగింది చెబుతున్నాను. ఒక దుకాణం మాట నమ్మి వెనక పోర్టు జత సగం ధరకు ఇచ్చేసి, ముందు పోర్టు జత తెచ్చుకున్నారు. అదే గది, అదే గోడ, అదే హోరు. ఆ తర్వాత ఆయన పాటలు పెట్టడమే మానేశారు. పదవీ విరమణ డబ్బుతో కొనుక్కున్న ఒకే ఒక్క సరదా వస్తువు అది. కౌశిక గారు ‘సగం ధర’ అని రాయగానే నాకు ఆయన గుర్తొచ్చారు. అందుకే ఇంత పట్టుబడుతున్నాను.

పెట్టెలపని_పాలకొల్లు
మీ మావయ్యకు పెట్టె అమ్మినవారు గది అడగలేదు. నేను అడుగుతాను. గది మారదు, సోఫా జరగదు, మంచానికి దారి కావాలి. మారగలిగేది పెట్టె ఒక్కటే. గోడ పక్కన పెట్టేవారికైతే నేను లోపల ఘనపరిమాణం పెంచుతాను, గొట్టం పొడుగు చేసి శ్రుతి 36 దగ్గరికి దించుతాను. అప్పుడు బేస్ 70 నుంచే మెల్లగా వాలుతూ వస్తుంది. వెనక గోడ ఎటూ అడుగు స్వరాలను ఆరు డెసిబెల్ వరకు పెంచుతుంది. గోడ ఇచ్చేది, నేను తగ్గించింది రెండూ సరిపోతాయి. నా పెట్టెలు గుమ్మనకపోవడం ఊరికే కాదు.

లాకులదారి
నేను మొదటి నుంచీ చెబుతున్నది ఇదే కదండీ! మీ పెట్టెల్లో మేలు చేస్తున్నది శ్రుతి, లోపలి జాగా. పోర్టు ముందుండటం కాదు. అదే గొట్టాన్ని తగిన సందు వదిలి వెనక పెట్టినా అలాగే పలుకుతుంది. మరి కొనేవారికి ‘ముందు పోర్టు’ అని ఎందుకు చెబుతున్నారు? గోడకు తగినట్టు బేస్ తగ్గించానని చెప్పొచ్చు కదా.

పెట్టెలపని_పాలకొల్లు
బేస్ తగ్గించానంటే ఎవరు కొంటారు? వినకముందే లేచిపోతారు. ముందు పోర్టు అంటే అర్థమవుతుంది, ఇంటికెళ్లాక బాగా పలుకుతుంది. ఆయనకు కావాల్సింది అందింది. దీనిలో మోసమేముంది?

లాకులదారి
మోసమని అనను. కానీ మీ దగ్గర ఆ మాట విన్నవారు పక్క ఊళ్లో ఇంకో దుకాణానికి వెళ్లి, ముందు రంధ్రం కనిపిస్తే చాలనుకుని కొంటారు. లోపల శ్రుతి ఎంతో వారికి తెలియదు, అడగాలనీ తెలియదు. మా మావయ్య అలాగే కొన్నారు.

పెంకుటిల్లు
ఆ మాటకు నేనూ జత. కారణం తెలిస్తే రెండోసారి మోసపోరు.

పెట్టెలపని_పాలకొల్లు
కారణాలు చెప్పడం బడి పని. పెట్టె పలికించడం నా పని. కౌశిక గారూ, ఆ సగం ధర బేరం వదిలేయండి. పెట్టెలు పట్టుకుని రండి. అవే పెట్టెలకు గొట్టం పొడిగించి ఇస్తాను. నోటి దగ్గర మలుపు వేస్తే నాలుగు వేళ్ల సందు కూడా చాలుతుంది. పోర్టు వెనకే ఉంటుంది, లాకులదారి గారికీ తృప్తి. గొట్టానికి, కూలికి తప్ప ఏమీ తీసుకోను.

లాకులదారి
మంచి మాట. పొడవు ఎంత నుంచి ఎంతకు మార్చారో, శ్రుతి ఎక్కడ నిలిపారో కాగితం మీద రాసివ్వండి.

పెట్టెలపని_పాలకొల్లు
రాసివ్వను. విని చూసుకోవాలి.

వశిష్ఠ_గట్టు
రాసిస్తే మాత్రం గది ఉష్ణోగ్రత కూడా వేయమనండి.

కౌశిక_కాలువ
శనివారం చించినాడ వంతెన మీదుగా పెట్టెలు తీసుకుని వస్తున్నాను. దుకాణానికి వద్దని చెప్పేశాను. రాసివ్వకపోయినా ఫరవాలేదు, పాత గొట్టం ఇప్పుడే కొలిచిపెట్టుకున్నాను. కొత్తది మీ ముందే కొలుస్తాను, రెండు కొలతలూ ఇక్కడ పెడతాను.