1942లో రంగం (బర్మాలోని రంగూన్) నుంచి నడిచి వచ్చిన మనవాళ్ళు ఏ దారిన వచ్చారు?

మర్రిపాలెం_మనవరాలు:
మా మామ్మ రంగంలో పుట్టింది. యుద్ధమప్పుడు పిల్లగా ఉండగా విశాఖపట్నం వచ్చేసింది. ఇప్పుడు ఆమె లేదు. అప్పుడప్పుడూ ముక్కలు ముక్కలుగా చెప్పిన మాటలే మాకు మిగిలాయి. బాంబులు పడ్డాక ఇల్లొదిలేశారట. రైలెక్కారట, పెద్ద ఏరు దాటారట, కొండల మీద తాగడానికి చుక్క నీళ్ళు లేవట. ఆ తర్వాత పడవ, ఆ తర్వాత ఓడ. ఆమె చెల్లెలికి వాంతులు పట్టుకుని దారిలోనే పోయింది. ఊళ్ళ పేర్లు మాత్రం ఒక్కటీ చెప్పలేదు. ఆ పిల్ల ఎక్కడ పోయిందో కనీసం తెలుసుకోవాలని మా నాన్న ఆరాటం. మీ ఇళ్ళల్లో పెద్దవాళ్ళు ఏమైనా చెప్పి ఉంటే రాయండి.

వన్‌టౌన్_మాస్టారు:
అమ్మా, ఈ గుర్తులన్నీ టాంగప్ కనుమ దారికి సరిపోతున్నాయి. రంగం మీద మొదటి బాంబులు పడ్డది 1941 డిసెంబరు 23న. మర్నాటి నుంచే జనం ఊరొదలడం మొదలుపెట్టారు. అక్కణ్ణుంచి ప్రోమ్ దాకా రైలుంది. ప్రోమ్ దగ్గర ఐరావతి దాటాలి. మీ మామ్మ చెప్పిన పెద్ద ఏరు అదే అయ్యుంటుంది. అవతల అరకాన్ కొండలెక్కి టాంగప్‌లో దిగితే సముద్రం. అక్కడ పడవెక్కి అక్యాబ్, అక్యాబ్‌లో ఓడెక్కి చిట్టగాంగ్. కొండ మీద నీటి కరువు, దారి పొడుగునా కలరా.

ఇంకో సంగతి కూడా మీ నాన్నగారికి చెప్పండి. రంగం రేవులో మూటలు మోసేది ఎక్కువగా మన తెలుగువాళ్ళే. వాళ్ళు వెళ్ళిపోతే ఓడల్లో సరుకు దించేవాళ్ళుండరని, అక్కడి ప్రభుత్వం మొదట్లో కూలీలను కదలనివ్వలేదు. ప్రోమ్ దగ్గర ఆపేసింది. వేలమంది అలా ఒక్కచోట ఇరుక్కుపోయారు, కలరా అక్కడే అంటుకుంది. డబ్బూ పలుకుబడీ ఉన్నవాళ్ళు నేరుగా రంగంలోనే ఓడెక్కి వచ్చేశారు. ఈ ముక్క ఎప్పుడు చదివినా నాకు కడుపు మండుతుంది. నడిచి వచ్చినవాళ్ళు నాలుగు లక్షల పైమాటే. దారిలో పోయినవాళ్ళను సరిగ్గా లెక్కపెట్టినవాళ్ళే లేరు.

కళింగపట్నం_కుర్రాడు:
మా తాతది వేరే దారి. కూలీలను కుదిర్చే మేస్త్రీ దగ్గర బయానా తీసుకుని రంగం వెళ్ళి బియ్యం మిల్లులో పనిచేసేవాడు. వాళ్ళు మాండలే వైపు పోయి, కలేవా, తమూ మీదుగా ఇంఫాల్ చేరారు. దిమాపూర్‌లో రైలు దొరికింది. తెల్లవాళ్ళకు వేరే దారి, వేరే మకాములు ఉండేవని, ఆ మకాముల దగ్గరికి వెళ్తే తరిమేసేవారని చెప్పేవాడు.

కలకత్తా మీదుగా వాల్తేరులో దిగి ఊపిరి తీసుకున్నారో లేదో, ఏప్రిల్ 6న ఇక్కడా జపాన్ విమానాలు బాంబులేశాయి. పట్నం పట్నమంతా మూటాముల్లె సర్దుకుని పల్లెలకు పరుగు. మా తాత వాళ్ళమ్మ మాత్రం కదల్లేదట. "ఇంక నడవలేన్రా, పోతే ఇక్కడే పోతాను" అని అరుగు మీద కూర్చుండిపోయిందట. ఆ రోజు పడి పేలని బాంబొకటి బీచ్ రోడ్డులో విశాఖ మ్యూజియంలో ఉంది. మా పిల్లల్ని తీసుకెళ్ళి చూపించాను.

బర్మాక్యాంపు_అక్క:
మేం 1942లో రాలేదు, తర్వాతి విడత. నేను పుట్టింది అక్కడే. 1962లో నే విన్ సైన్యంతో గద్దెనెక్కాడు. 1964లో కొట్లన్నీ ప్రభుత్వం తీసేసుకుంది. మా నాన్న కిరాణా కొట్టు కూడా అందులోనే పోయింది. అదే ఏడు మే నెలలో 50, 100 క్యాట్ నోట్లు చెల్లవన్నారు. దాచుకున్న డబ్బంతా ఆ నోట్లే. ఓడెక్కే ముందు సోదాలో అమ్మ ముక్కుపుడక కూడా తీయించేశారు. మద్రాసులో దిగి రైల్లో వాల్తేరు వచ్చాం.

అమ్మకీ నాన్నకీ ఇది సొంత ప్రాంతం. నాకు మాత్రం ఇదే పరదేశం. ఇంట్లో తెలుగు మాట్లాడేదాన్నే గానీ రాయడం రాదు. బళ్ళో నన్ను నాకంటే చిన్నపిల్లల పక్కన కూర్చోబెట్టారు. "బర్మా పిల్ల" అని పిలిచేవారు. ఎన్నో ఏళ్ళు ఆ పిలుపుకి పలకాలంటే ఏడుపొచ్చేది. అమ్మ జెల్లచేపలూ అరటిదూటా వేసి మొహింగా అనే బర్మా వంటకం వండిన రోజు మాత్రం బర్మాక్యాంపులో మా వీధంతా మా ఇంటికే వచ్చేది.

మాలాంటి కుటుంబాలవాళ్ళు ఇది చూస్తుంటే ఒక మాట: రంగంలో మన రాయబార కార్యాలయం ఇచ్చిన కాయితాలు పారేయకండి. 1963 జూన్ 1 తర్వాత బర్మా నుంచి వచ్చినవాళ్ళకి కేంద్ర ఉద్యోగాల్లో వయసు సడలింపు ఉండేది. మా అన్నయ్యకి ఉద్యోగం వచ్చింది ఆ కాయితంతోనే.

గోపాలపట్నం_రైల్వే:
జాతీయ ఆర్కైవ్స్ వాళ్ళ అభిలేఖ్ పటల్ వెబ్‌సైట్‌లో 1942 నాటి ఇండియన్స్ ఓవర్సీస్ డిపార్ట్‌మెంట్ ఫైళ్ళు వెతకండి. కూలీల పేర్లు దొరుకుతాయని ఆశ పెట్టుకోవద్దు. క్యాంపుల సంగతీ దారుల సంగతీ తెలుస్తాయి.

మర్రిపాలెం_మనవరాలు:
అందరికీ దండాలు. మాస్టారూ, మీరు రాసింది నాన్నకి చదివి వినిపించాను. మళ్ళీ మళ్ళీ చదివించుకున్నారు. మామ్మ వాళ్ళ పిన్ని కూతురొకరు అనకాపల్లిలో ఉన్నారు. అదే గుంపులో వచ్చారట, చాలా పెద్దావిడ. ఈ ఆదివారం వెళ్తున్నాం. ఏమడగమంటారు?

వన్‌టౌన్_మాస్టారు:
ఊళ్ళ పేర్లు అడగొద్దమ్మా, గుర్తుండవు, పైగా కంగారుపడతారు. పిల్ల పోయింది ఏరు దాటకముందా, దాటాకా అని అడగండి. దాటకముందైతే ప్రోమ్‌లోనే అయ్యుంటుంది. దాటాకైతే, కొండ ఎక్కుతున్నప్పుడా, సముద్రం కనబడ్డాకా అని అడగండి. ఓపికుంటేనే అడగండి. ఆవిడ మాటలు ఫోన్‌లో రికార్డు చేసుకోండి.