తుంటికి మామూలు ఎమ్మారై చాలా, ఆర్థ్రోగ్రామ్ కూడా తీయించాలా?

నమస్కారమండీ, మాది విశాఖలో గాజువాక. మా తమ్ముడికి 24 ఏళ్లు, కబడ్డీ ఆడతాడు. ఆరు నెలలుగా కుడి గజ్జలో నొప్పి. బాసింపట్టు వేసుకుని కూర్చోలేడు. బండి మీద మద్దిలపాలెం వెళ్లొస్తే ఆ రాత్రి నిద్ర ఉండదు.

ఎక్స్‌రేలో తొడ ఎముక తల, మెడ కలిసేచోట బుడిపెలా ఉందని, దాన్ని క్యామ్ అంటారని చెప్పారు. ఆ బుడిపె ఎంతుందో చెప్పే ఆల్ఫా కోణం 64 డిగ్రీలు. ఎమ్మారైలో మాత్రం తుంటి గిన్నె అంచున చుట్టూ ఉండే మృదులాస్థి పట్టీ, అదే లాబ్రమ్, బాగానే ఉందని రాశారు. ఇప్పుడు ఇంకో డాక్టరుగారు కీలులోకి సూదితో గాడోలినియం మందు పంపి తీసే ఎమ్మార్ ఆర్థ్రోగ్రామ్ చేయించమంటున్నారు. లాబ్రమ్‌లో చిన్న చిరుగులుంటే అందులో బాగా తెలుస్తాయట. అమ్మకు ఆ సూది గురించే టెన్షన్.

వైజాగ్‌లో ఇది చేయించుకున్నవారున్నారా? అయస్కాంత శక్తి ఎక్కువుండే 3 టెస్లా ఎమ్మారై మిషన్ మీద మామూలుగా తీయిస్తే సరిపోదా? సూది తర్వాత నొప్పి ఎన్ని రోజులుంది? దయచేసి చెప్పండి, వాడు మళ్లీ కోర్టులోకి దిగాలి.