స్కూల్లో అపార్ ఫారం, గేటు దగ్గర ఆధార్: కొత్త డేటా చట్టం పట్టుకుని వెళ్తే పని జరుగుతుందా?

శ్రీలత_హనుమకొండ
మా బాబు ఆరో తరగతి. అపార్ నంబర్ (విద్యార్థులకి ఇచ్చే శాశ్వత గుర్తింపు సంఖ్య) కోసమని స్కూల్ వాళ్లు సమ్మతి పత్రం పంపారు. పిల్లాడిది, మా ఇద్దరిదీ ఆధార్ జిరాక్సులు జతచేయమన్నారు. సంతకం పెట్టకపోతే ఏమవుతుందని అడిగితే "అందరూ పెట్టేశారు మేడమ్" అన్నారు తప్ప జవాబు లేదు. ఇటు అపార్ట్‌మెంట్‌లో కొత్తగా విజిటర్ యాప్ పెట్టారు. పనికొచ్చే అమ్మాయి ఫొటో, ఆధార్ కూడా అందులో ఎక్కించాలట. నేను అడిగేవి మూడు. స్కూల్‌కి వద్దు అనొచ్చా? ఇప్పటికే ఇచ్చినవి వెనక్కి తీసుకోవచ్చా? పనమ్మాయి తరఫున ఎవరు అడగాలి? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

నాన్న_ఇద్దరు_పిల్లలు
వద్దు అనొచ్చండీ. అపార్ స్వచ్ఛందమేనని కేంద్ర విద్యాశాఖే చెప్పింది. ఆ ఫారంలోనే సమ్మతి ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చని ఉంటుంది, చదవండి. ఇంకొకటి, 2018 సెప్టెంబర్ 26న ఆధార్ మీద ఇచ్చిన తీర్పులో సుప్రీంకోర్టు పిల్లల స్కూల్ అడ్మిషన్‌కి ఆధార్ తప్పనిసరి చేయకూడదంది. నేను "సమ్మతి ఇవ్వడం లేదు" అని తెల్లకాగితం మీద రాసి, ఒక కాపీ మీద ఆఫీసు ముద్ర వేయించుకున్నాను. క్లాస్ టీచర్ మాత్రం మా పాపని రోజూ నిలబెట్టి "మీ నాన్న ఇంకా ఇవ్వలేదా" అని అడిగేది. చట్టం ఎక్కడో ఉంటుంది, ఏడేళ్ల పిల్ల క్లాసులో ఉంటుంది. నాకు కోపం అక్కడే.

లా_చదువుతున్నా
వెనక్కి తీసుకోవడం గురించి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం ఆరో సెక్షన్ ప్రకారం సమ్మతి ఇవ్వడం ఎంత సులువో ఉపసంహరించడమూ అంతే సులువుగా ఉండాలి. కాకపోతే ఆ సెక్షన్ ఇంకా అమల్లోకి రాలేదు. నిబంధనలు 2025 నవంబర్‌లో వచ్చాయి. ఫిర్యాదులు విచారించే డేటా పరిరక్షణ బోర్డుకి సంబంధించినవి అప్పుడే మొదలయ్యాయి, మన హక్కులకి సంబంధించినవాటికి పద్దెనిమిది నెలల గడువిచ్చారు. అంటే 2027 మే. పిల్లల విషయానికొస్తే 18 ఏళ్ల లోపు ఎవరి సమాచారానికైనా తల్లిదండ్రుల సమ్మతిని సరిచూసుకోవాలి. పిల్లల్ని వెంటాడి గమనించకూడదని కూడా ఉంది గానీ, ఆ నిషేధం నుంచి విద్యాసంస్థలకి చదువు, భద్రత పేరుతో నిబంధనల్లో మినహాయింపు ఇచ్చారు.

సహచ_సత్తెనపల్లి
2027 దాకా ఆగాల్సింది మన హక్కులే. మన నోరు నొక్కే ముక్క మాత్రం నిబంధనలతో పాటే, 2025 నవంబర్‌లోనే అమల్లోకి వచ్చేసింది. అది ఎవరూ మాట్లాడరేం? అదే 2023 చట్టంలో 44(3) సెక్షన్. సమాచార హక్కు చట్టంలో 8(1)(జె) ని మార్చేసింది. ఇంతకుముందు వ్యక్తిగత సమాచారం ఇవ్వకపోవాలంటే దానికి ప్రజా కార్యకలాపంతో సంబంధం లేదనో, అది అనవసరంగా ఒకరి ఏకాంతంలోకి చొరబడుతుందనో చూపించాలి. పెద్ద ప్రజాప్రయోజనం ఉంటే అప్పుడూ ఇవ్వాలి. చట్టసభకి కాదనలేనిది పౌరుడికీ కాదనకూడదని ఒక వాక్యం ఉండేది. అన్నీ పోయాయి. ఇప్పుడు "వ్యక్తిగత సమాచారం" అంటే చాలు, దరఖాస్తు తిరస్కరణే. మా మండలంలో పింఛన్ల జాబితా అడిగాను. ఇదే సెక్షన్ రాసి వెనక్కి పంపారు. చనిపోయినవాళ్ల పేరున పింఛన్ ఎవరు తింటున్నారో పేర్లు లేకుండా ఎలా తేలుతుంది?

మండల_ఉద్యోగి
ఈ చర్చ స్కూల్ ఫారం గురించి అనుకుంటా. అయినా విషయం వచ్చింది కాబట్టి చెప్తాను. అర్జీ పెట్టే ప్రతివాడూ సమాజ సేవకుడు కాదు. మా ఆఫీసులో ఒక మహిళా ఉద్యోగి మెడికల్ లీవుకి పెట్టిన సర్టిఫికెట్లు, ఇంటి అడ్రసు, భర్త వివరాలు అడుగుతూ ఒకడు దరఖాస్తు మీద దరఖాస్తు పెట్టాడు. తర్వాత మధ్యవర్తిని పంపి డబ్బు అడిగాడు. ఆమె బదిలీ పెట్టుకుని వెళ్లిపోయింది. ఆమెకి ఏకాంతం లేదా? 2017లో సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది జడ్జీలు ఏకాంతం ప్రాథమిక హక్కు అని చెప్పింది ఉద్యోగులకి వర్తించదా?

సహచ_సత్తెనపల్లి
ఆమె మెడికల్ సర్టిఫికెట్ పాత చట్టంలో కూడా ఇవ్వక్కర్లేదు సార్. 2012లో గిరీశ్ దేశ్‌పాండే కేసులో సుప్రీంకోర్టు ఉద్యోగి మెమోలు, ఆస్తి వివరాలు కూడా వ్యక్తిగతమేనంది. రక్షణ అప్పుడే ఎక్కువైంది. మీ పీఐవో, అంటే సమాచార హక్కు దరఖాస్తులకి జవాబిచ్చే అధికారి, ఆ దరఖాస్తు తిరస్కరించి ఉండాల్సింది. మీ ఆఫీసు చేతగానితనానికి మొత్తం రాష్ట్రం రికార్డులకి తాళం వేయమంటారా?

మండల_ఉద్యోగి
చేతగానితనం అన్న మాట వెనక్కి తీసుకోండి. ఒక పీఐవోకి సొంత పని ఉంటుంది, దాని మీద ఇది. గడువు దాటితే రోజుకి 250 జరిమానా తన జీతంలోంచి. భయపడి ఇచ్చేస్తారు. ఇప్పుడు ఆ భయం లేదు, మాకు ఊపిరి ఆడుతోంది. అయినా సమాచార హక్కు చట్టంలో 8(2) అలాగే ఉంది కదా! ప్రజాప్రయోజనం ఎక్కువైతే ఇవ్వొచ్చు. కేంద్రమంత్రి కూడా అదే చెప్పారు.

సహచ_సత్తెనపల్లి
ఇవ్వొచ్చు. ఇవ్వాలి కాదు. హాని కంటే ప్రయోజనం ఎక్కువని బేరీజు వేయాల్సింది ఎవరు? ఎవరి మీద ఫిర్యాదు ఉందో ఆ ఆఫీసే. జస్టిస్ శ్రీకృష్ణ కమిటీ 2018లో డేటా చట్టానికి ముసాయిదా ఇచ్చినప్పుడు కూడా 8(1)(జె) ని ముట్టుకుంది గానీ, జరిగే హాని ప్రజాప్రయోజనం కంటే ఎక్కువైతేనే ఆపాలని తూకం పెట్టింది. ఆ తూకాన్నే పీకేశారు.

అనంత_కూలీబిడ్డ
నేనొకటి చెప్పాల. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ సామాజిక తనిఖీ మా అనంతపురంలోనే 2006లో మొదలైన తొలి చోట్లలో ఒకటి. మస్టరు, అంటే కూలీల హాజరు పట్టీ, తీసుకొచ్చి ఊరి మధ్యలో పేరుపేరునా చదివేవాళ్లు. ఫలానావాళ్లకి ఇన్ని రోజులు, ఇంత కూలి అని. మా అమ్మ లేచి "నేను ఆ పనికే పోలేదు, నా పేరున ఎవరు తీసుకున్నారు" అని అడిగింది. అప్పుడు నేను చిన్నోణ్ణి, పక్కనే ఉన్నా. ఫీల్డ్ అసిస్టెంట్ ముఖం నాకింకా గుర్తుంది. డబ్బు తిరిగొచ్చింది. కూలి వివరం మా అమ్మ వ్యక్తిగత సమాచారమే. దాన్ని గట్టిగా చదవడమే ఆమెకి రక్షణ అయింది. ఉద్యోగి సార్, మీ బాధ నిజమే, కాదనను. కానీ దానికి మందు ఇది కాదు.

డబ్లిన్_శేఖర్
ఇదంతా ఎందుకొస్తుందంటే మన చట్టం సరిగ్గా రాయలేదు. నేను ఏళ్లుగా ఐర్లాండ్‌లో ఇదే పనిలో ఉన్నాను, కంపెనీలకి జీడీపీఆర్ (యూరప్ డేటా రక్షణ చట్టం) అమలు చూస్తాను, కాబట్టి నా మాట కొంచెం వినండి. 2018 మే 25 నుంచి ఇక్కడ ఎవరైనా "నా గురించి మీ దగ్గర ఏముంది" అని అడిగితే మామూలుగా నెలలో ఇవ్వాలి. 2023 మేలో ఇక్కడి డేటా కమిషన్ ఫేస్‌బుక్ కంపెనీ మెటాకి 120 కోట్ల యూరోల జరిమానా వేసింది. నియంత్రణ సంస్థ పూర్తి స్వతంత్రంగా ఉండాలని చట్టంలోనే ఉంది. మన బోర్డు సభ్యుల్ని నియమించేది కేంద్రమే. మన చట్టం 17(2) సెక్షన్ కింద తాను నోటిఫై చేసిన ప్రభుత్వ సంస్థలకి చట్టమే వర్తించదని చెప్పుకునే అధికారమూ కేంద్రానిదే. అన్నిటికంటే ఘోరం, జరిమానా 250 కోట్ల దాకా ఉన్నా అది నష్టపోయినవాడికి రాదు, ప్రభుత్వ సంఘటిత నిధికి పోతుంది. ఐటీ చట్టంలో పరిహారం ఇచ్చే 43ఏ సెక్షన్‌ని కూడా ఈ చట్టమే తీసేస్తోంది. ఇక్కడైతే పరిహారం హక్కు.

కృష్ణలంక_బాబ్జీ
శేఖర్ గారూ, యూరప్ గొప్పతనం ఎప్పుడూ వింటూనే ఉన్నాం. మా బాబాయికి కలిగింది వినండి. చదువు రాదు, వేలిముద్రే. ఒక రాత్రి ఖాతాలోంచి పదివేలు పోయాయి. ఓటీపీ లేదు, ఫోన్ రాలేదు, కార్డు లేదు. ఆధార్‌తో వేలిముద్ర వేసి డబ్బు తీసే మిషను ఉంటుంది కదా, దాని మీద ఎవరో రబ్బరు వేలిముద్రతో లాగేశారు. బ్యాంకుకి వెళ్తే "మీ వేలే పడింది" అన్నారు. ఆయన ఏ చట్టం కింద ఎవరిని అడగాలి?

మంజీర_తీరం
బాబ్జీ అన్నా, వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ కొట్టి కంప్లైంట్ నంబర్ తీసుకోండి, అది లేకుంటే బ్యాంకోళ్లు కదలరు. ఈ రబ్బరు వేళ్ల సంగతి మా దిక్కు ఎప్పట్నించో ఉన్నదే. 2018ల పెద్దపల్లి జిల్లాల సిమ్ కార్డులు అమ్మెటాయన రిజిస్ట్రేషన్ దస్తావేజులు వెబ్‌సైట్ నుంచి దించి, వాటి మీది వేలిముద్రలు తయారుచేసి వేల సిమ్‌లు యాక్టివేట్ చేసి దొరికిండు. భూమి కాగితం మీద వేలిముద్ర, పక్కనే ఆధార్ నంబర్. దొంగకి ఇంకేం గావాలె? ఆధార్ యాప్‌ల బయోమెట్రిక్ లాక్ ఉంటది, ఇంట్ల అందరికీ పెట్టండి. రేషన్‌కో, పింఛన్‌కో వేలు పెట్టాల్సొచ్చినప్పుడు తీసి మళ్ల పెట్టుకోవచ్చు. జిరాక్స్ ఇచ్చేటప్పుడు చివరి నాలుగు అంకెలే కనబడే మాస్క్‌డ్ ఆధార్ ఇయ్యండి.

డబ్లిన్_శేఖర్
నేను గొప్పలు చెప్పలేదు, తేడా చెప్పాను. వేలిముద్ర పాస్‌వర్డ్ లాంటిది కాదు, పోతే మార్చుకోలేం. అందుకే ఇక్కడ ప్రత్యేక రక్షణ ఉన్న సమాచారంగా చూస్తారు. మన 2023 చట్టంలో ఆ వర్గీకరణే లేదు. ఆరోగ్యం, వేలిముద్ర, కిరాణా బిల్లు అన్నీ ఒకటే. ఇది తెలిసి మాట్లాడితే మంచిది.

కృష్ణలంక_బాబ్జీ
తెలిసి మాట్లాడటం అంటే? మా బాబాయి డబ్బు పోగొట్టుకుని మరీ తెలుసుకున్నాడు.

పర్యవేక్షణ
ఇద్దరూ ఒకరి పేరెత్తకుండా రాయండి. మొదటి ప్రశ్నకి రండి.

ఫోన్_ఎత్తే_ఉద్యోగం
నేను వెంచర్ల ప్లాట్లు అమ్మే ఆఫీసులో ఫోన్లు చేసే పని చేశాను. పొద్దున్నే ఎక్సెల్ షీట్ ఇస్తారు. పేరు, నంబర్, ఉద్యోగం, కొందరికి జీతం కూడా. ఎక్కడిదని అడిగితే "నీకెందుకు" అన్నారు. 2023లో సైబరాబాద్ పోలీసులు 66.9 కోట్ల మంది వివరాలు అమ్ముతున్న ఒకతన్ని పట్టుకున్నారని వార్త వచ్చినప్పుడు మా టీమ్‌లో ఎవరూ ఆశ్చర్యపోలేదు. మీరు ఫోన్‌లో మమ్మల్ని తిడతారు. తిట్టండి, కానీ ఆ షీట్ అమ్మినవాడు ఆ తిట్టు వినడు. బట్టల షాపులో బిల్లుకి నంబర్ అడిగితే ఇవ్వకండి. నంబర్ కోసం పట్టుబట్టొద్దని వినియోగదారుల శాఖ 2023 మేలోనే దుకాణాలకి చెప్పింది.

చార్మినార్_రఫీ
పోలీసులు పట్టుకున్నది చెప్పారు బాగుంది. అదే పోలీసులు రోడ్డు మీద ఆపి మొహం ఫొటో తీసుకుంటే? 2021 లాక్‌డౌన్‌లో పాతబస్తీలో ఒకాయన్ని మాస్క్ తీయమని ఫొటో తీశారని హైకోర్టులో కేసు వేశారు. 2022 జనవరిలో ప్రభుత్వానికి నోటీసులు వెళ్లాయి. ఏ చట్టం కింద తీస్తున్నారో అది కూడా మాట్లాడండి.

మండల_ఉద్యోగి
సామాజిక తనిఖీ గురించి రాసిన తమ్ముడికి. మీ అమ్మగారి విషయం చదివాను. మస్టర్లు, లబ్ధిదారుల జాబితాలు ఆఫీసే ముందుగా గోడ మీద పెట్టాలని సమాచార హక్కు చట్టం 4వ సెక్షన్‌లో ఉంది, అది మారలేదు. మేం పెట్టాలి. అది ఒప్పుకుంటాను. కానీ మా ఉద్యోగిని లీవు కాగితాలు వేరు. రెంటినీ ఒకే గాట కట్టకండి.

సహచ_సత్తెనపల్లి
రెంటినీ ఒకే గాట కట్టింది 44(3) సెక్షనే సార్. మీరు చెప్పిన 4వ సెక్షన్ కింద మా మండలంలో గోడ మీద జాబితా పెట్టించే బాధ్యత తీసుకుంటారా? ఆ మాట అనండి, ఇక్కడితో ఆపేస్తాను.

మండల_ఉద్యోగి
నాది మీ మండలం కాదు. మా దగ్గర పెట్టిస్తాను.

శ్రీలత_హనుమకొండ
అందరికీ ధన్యవాదాలు. స్కూల్‌కి రాసి ఇచ్చి ముద్ర వేయించుకుంటాను. కానీ పనమ్మాయి గురించి ఒక్కరూ చెప్పలేదు. ఆ అమ్మాయికి స్మార్ట్‌ఫోన్ కూడా లేదు. ఆమె ఆధార్ ఫొటో సెక్యూరిటీ గార్డు ఫోన్‌లో ఉందని నిన్న తెలిసింది. మేమందరం మా పిల్లల గురించి గింజుకుంటున్నాం, ఆమెని ఎవరూ అడగను కూడా లేదు.

లా_చదువుతున్నా
క్షమించండి, అది వదిలేశాం. యాప్ కంపెనీకి మాత్రమే కాదు, ఎందుకు సేకరించాలో నిర్ణయించే మీ అసోసియేషన్‌కీ బాధ్యత ఉంటుందని నా అభిప్రాయం. సమ్మతి అడిగే ముందు ఏం తీసుకుంటున్నారు, దేనికి, ఎవరికి ఫిర్యాదు చేయాలి అని నోటీసు ఇవ్వాలి. దాన్ని రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లోని ఏ భాషలోనైనా, అంటే తెలుగులోనూ చదువుకునే వీలుండాలి. అమలు 2027 మేలో అయినా, ఇప్పుడే అడగడానికి అడ్డేం లేదు. ఆ అమ్మాయే అడగక్కర్లేదు, ఫ్లాట్ ఓనరుగా మీరు కమిటీకి రాయండి.

మంజీర_తీరం
నోటీసు కంటే ముందు ఆ గార్డు ఫోన్లకెళ్లి ఫొటో తీసేయించండి అక్కా, మీ ముందల్నే. గేటు దగ్గర పేరు, ఫ్లాట్ నంబర్, ఫొటో సాలు. ఆధార్ ఎందుకు? పోలీస్ వెరిఫికేషన్ కావాలంటే స్టేషన్‌ల అప్లికేషన్ వేరే ఉంటది. ఆ పిల్లకి బ్యాంకు ఖాతా ఉంటే బయోమెట్రిక్ లాక్ కూడా మీ ఫోన్ల పెట్టియ్యండి, కాకుంటే ఓటీపీకి ఆమె నంబర్ ఆధార్‌కి లింక్ అయి ఉండాలె.

కృష్ణలంక_బాబ్జీ
లింక్ అయిన నంబర్ పోతే? మా బాబాయిది పాత సిమ్, ఎప్పుడో పడేశాడు. ఆధార్ కేంద్రానికి ఆయన్నే తీసుకెళ్లాలా, ఇంటికొచ్చి చేసేవాళ్లు ఉన్నారా?

నాన్న_ఇద్దరు_పిల్లలు
కేంద్రానికైతే ఆయనే వెళ్లాలి బాబ్జీ గారూ, నంబర్ మార్చాలంటే వేలిముద్ర తీసుకుంటారు. వెళ్లలేకపోతే పోస్ట్‌మ్యాన్ ఇంటికొచ్చి చేసే సదుపాయం ఉంది, మీ పోస్టాఫీసులో అడగండి. రసీదు తప్పకుండా తీసుకోండి.