డెలివరీకి అమ్మ రాలేకపోతోంది, పాలివ్వడానికి ముందే ఏం చూసుకోవాలి?

ప్రశ్న (ఫ్రిస్కో, టెక్సస్):
అక్కలూ, మేం ఈ దేశం వచ్చి కొద్ది నెలలే అయింది. నాకిప్పుడు ఎనిమిదో నెల. అమ్మ వీసా ఇంటర్వ్యూకి డెలివరీ తర్వాతే డేట్ దొరికింది. పాలు పడతాయో లేదో అని చాలా టెన్షన్‌గా ఉంది. ఇంట్లో పెద్దవాళ్లు లేకుండా ఎలా? ఏమేం కొనిపెట్టుకోవాలి?

జవాబు:
చెల్లీ, కొనే సంగతి తర్వాత, ముందు ఒక ఫోన్ చేయి. ఇన్సూరెన్స్ కార్డు వెనకున్న నంబరుకి చేసి, బ్రెస్ట్ పంప్ ఎక్కడ తీసుకోవాలి, మీ ప్లాన్ నెట్‌వర్క్‌లో (అంటే ఇన్సూరెన్స్‌తో ఒప్పందం ఉన్నవాళ్లలో) లాక్టేషన్ కన్సల్టెంట్లు, అంటే పాలు పట్టించడం నేర్పేవాళ్లు, ఎవరున్నారు అని అడుగు. ఇక్కడి చట్టం ప్రకారం చాలా ప్లాన్లు ఈ రెండూ మన చేతి డబ్బు పడకుండా ఇవ్వాలి. ప్రిస్క్రిప్షన్ కావాలంటే ఇప్పుడే రాయించుకో. కన్సల్టెంట్ పేరు పక్కన ఐబీసీఎల్‌సీ (ఈ పనికి పరీక్ష పాసైనవాళ్లకిచ్చే సర్టిఫికెట్) అని ఉందేమో చూసి, కాన్పుకి ముందే ఒకసారి మాట్లాడి పెట్టుకో.

తల్లీబిడ్డా బాగుంటే పుట్టగానే గుండెల మీద పడుకోబెట్టమని, మొదటి గంటలోనే పాలు పట్టించాలని ఉందని నర్సుకి చెప్పు. సిజేరియన్ అయినా అడగొచ్చు. మొదట వచ్చే ముర్రుపాలు చిక్కగా, చెంచాడే ఉంటాయి. పాలు బాగా పడడానికి మామూలుగా రెండు నుంచి ఐదు రోజులు పడుతుంది. సరిగ్గా అప్పుడే వీడియో కాల్‌లో "పాలు చాలట్లేదేమో, డబ్బా పాలు పట్టవే" అంటారు. ప్రేమతోనే అంటారు, కానీ ఏడుపు విని ఆ సంగతి తేల్చలేం. డైపర్లు చూడు. ఐదో రోజుకల్లా రోజుకి కనీసం ఆరు తడిపాలి, మలం నలుపు పోయి పసుపు రంగుకి రావాలి. 24 గంటల్లో 8 నుంచి 12 సార్లు పట్టించాలి. తడి డైపర్లు తగ్గినా, పాలకి లేవకుండా మగతగా ఉన్నా, ఒళ్లు పచ్చబడినా వెంటనే పీడియాట్రిషన్‌కి ఫోన్ చేయి. కొంత ఫార్ములా పట్టమని డాక్టర్ చెబితే బెంగపడకుండా పట్టు, ఆ పూట పంప్ మాత్రం మానకు.

ఇక అసలు పని నోటి పట్టు. బిడ్డ పొట్ట నీ పొట్టకి ఆనాలి, ముక్కు చనుమొనకి ఎదురుగా ఉండాలి. చనుమొనని పైపెదవికి రాస్తే ఆవలించినట్టు నోరు తెరుస్తుంది. అప్పుడు బిడ్డనే దగ్గరికి తెచ్చుకో, నువ్వు వంగకు. గడ్డం రొమ్ముకి ఆనాలి, చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా చాలావరకు నోట్లోకి వెళ్లాలి. నొప్పి తగ్గకపోతే పళ్ల బిగువున భరించకు. చిటికెన వేలు నోటి మూలన పెట్టి విడిపించి, మళ్లీ పట్టించు. రెండు మూడు సార్లకీ కుదరకపోతే కన్సల్టెంట్‌ని పిలవాల్సిందే. హాస్పిటల్లో ఉండగానే అడిగితే మరీ మంచిది.

ఇంకొకరి జవాబు (న్యూజెర్సీ):
బాలింత పథ్యం గురించి ఒక మాట. వెల్లుల్లి కారం, మునగాకు పప్పు హాయిగా తిను. నీళ్లు, కూరలు తగ్గించమంటే మాత్రం వినకు. బిడ్డ ఎంత తాగితే పాలు అంత ఊరతాయి. షుగర్ ఉంటే మెంతులు ఎక్కువగా వాడే ముందు డాక్టర్ని అడుగు. ఏడాదిలోపు బిడ్డకి తేనె నాకించొద్దు. తల్లిపాలు తాగే బిడ్డకి రోజూ 400 ఐయూ విటమిన్ డి చుక్కలు వేయాలి, పీడియాట్రిషన్ చెబుతారు.

లా లెచే లీగ్ అని 1956 నుంచి ఉన్న, పాలిచ్చే తల్లులకి సాయపడే తల్లుల సంఘం, మీటింగులకి ఫీజు లేదు. కడుపుతో ఉండగానే వెళ్లొచ్చు. రాత్రిపూట బిడ్డ బట్టలు మార్చడం, తేన్పు తెప్పించడం, పంప్ సామాన్లు కడగడం మీ ఆయనకి ఇప్పుడే అప్పజెప్పు. మనసు బాగా కుంగితే దాచుకోకు. తల్లుల మానసిక ఆరోగ్యం కోసం ఉన్న నేషనల్ హాట్‌లైన్ 1-833-852-6262కి ఏ వేళలోనైనా కాల్ చేయొచ్చు, మెసేజ్ పెట్టొచ్చు, ఉచితం.

ప్రశ్న అడిగినావిడ:
థాంక్స్ అక్కా, ఇన్సూరెన్స్ వాళ్లతో మాట్లాడాను, పంప్ ఇంటికే పంపుతారట. పిండిన పాలు ఎంతసేపు నిలవ ఉంటాయి?

జవాబు:
గదిలో నాలుగు గంటలు, ఫ్రిజ్‌లో నాలుగు రోజులు, ఫ్రీజర్‌లో ఆరు నెలలు. సంచి మీద తేదీ రాసిపెట్టు. గోరువెచ్చని నీళ్ల గిన్నెలో ఉంచి వెచ్చబెట్టు, మైక్రోవేవ్‌లో పెట్టకు. బిడ్డ తాగి వదిలేసినవి రెండు గంటలు దాటితే పారబోయాలి.