ఫైర్‌వాల్‌లోంచి వైర్లు: రబ్బరు గ్రామెట్, ఎర్ర సిలికాన్ సరిపోతాయా?

మురళీనగర్_షెడ్:
నేను కట్టుకుంటున్నది రెండు సీట్ల మెటల్ కిట్ విమానం, ఇంజిను రోటాక్స్ 912 యూఎల్ఎస్. ఫైర్‌వాల్ (ఇంజినుకీ కేబిన్‌కీ మధ్య మంటని ఆపే గోడ) 0.4 మి.మీ. స్టెయిన్‌లెస్ రేకు. ఇంజిను ఇంకా ఎక్కించలేదు కాబట్టి కన్నాలు పెట్టుకోవాలంటే ఇదే అదను. బ్యాటరీ కేబిన్ వైపు, కుడి సీటు కాళ్ల ముందు. అటు వెళ్లాల్సినవి: స్టార్టర్ కేబుల్, ఛార్జింగ్ వైరు, ఇగ్నిషన్ ఆపే వైర్లు రెండు, సెన్సర్ల వైర్లు ఓ ఇరవై.

30 మి.మీ. కన్నం ఒకటి పెట్టి, రబ్బరు గ్రామెట్ (కన్నం అంచుకి వేసే రింగు) వేసి, అన్నీ అందులోంచే లాగేసి, చుట్టూ 300 డిగ్రీలని రాసి ఉన్న ఎర్ర సిలికాన్ పూసేద్దామనుకుంటున్నాను. రెండూ విశాఖ డాబాగార్డెన్స్‌లో దొరుకుతున్నాయి. షిప్‌యార్డు పని తెలిసిన ఒకాయనేమో ఓడల్లో కేబుళ్లకి వాడే రబ్బరు దిమ్మల ఫ్రేము పెట్టుకోమంటున్నారు. ఏది మేలండీ?

తీగెల_పెట్టె:
రబ్బరు గ్రామెట్ వద్దు. ఎర్ర సిలికాన్ ఒక్కదాన్నే నమ్ముకోవడం అసలే వద్దు.

ఫైర్‌వాల్‌కి పరీక్ష ఏమిటంటే, సుమారు 1,100 డిగ్రీల సెల్సియస్ మంట 15 నిమిషాల పాటు తగిలినా అవతలికి దాటకూడదు. అల్యూమినియం 660 దగ్గరే కరిగిపోతుంది. ఇక రబ్బరు సంగతి చెప్పేదేముంది, కాసేపట్లో మండి రాలిపోతుంది, 30 మి.మీ. బొక్క మిగులుతుంది. ఎగిరేటప్పుడు మామూలుగా కౌలింగ్ (ఇంజిను మీది మూత) లోపల ఒత్తిడి కేబిన్‌లో కంటే ఎక్కువ ఉంటుంది కాబట్టి మంట నేరుగా మీ మోకాళ్ల మీదికే వస్తుంది. సిలికాన్ ట్యూబు మీద ఉన్న 300 రోజువారీ వేడికి చెప్పిన లెక్క, మంట తగిలితే బూడిదైపోతుంది. పైగా వెనిగర్ వాసన వచ్చే రకమైతే ఆరేటప్పుడు ఆమ్లం వదిలి రాగిని తింటుంది.

మంటని ఆపే పని స్టీలుది. సీలెంట్ సందులు పూడ్చడానికి మాత్రమే. చేయించాల్సింది ఇది:

304 స్టెయిన్‌లెస్ ట్యూబు, బయటి కొలత 19 మి.మీ., మందం 1 మి.మీ., పొడవు 60. ఒక చివర 50 మి.మీ. గుండ్రటి బిళ్ల టిగ్ వెల్డింగ్. ఇలాంటివి రెండు కావాలి. గాజువాక ఆటోనగర్‌లో చెయ్యి తిరిగిన వెల్డర్‌కి ఇది పెద్ద పనేం కాదు. ట్యూబు నోటి అంచు మాత్రం ఫైలుతో నున్నగా చేయించండి, లేకపోతే వైబ్రేషన్‌కి అదే వైరుని కోస్తుంది. బిళ్లని ఇంజిను వైపు కూర్చోబెట్టి, కింద ఫైర్‌వాల్ సీలెంట్ పల్చగా పూసి, మూడు స్టీలు బోల్టులతో బిగించండి. ఇక్కడ చాలామంది చేసే తప్పు: అల్యూమినియం పాప్ రివెట్లు, నైలాన్ రింగున్న లాక్ నట్లు. రెండూ మంటకి కరిగి బిళ్ల ఊడిపోతుంది. పూర్తిగా లోహంతో చేసిన లాక్ నట్లే వాడాలి. ట్యూబు ఇంజిను వైపు కాస్త కిందికి వాలి ఉంటే మంచిది, ఆయిలూ వాన నీరూ లోపలికి జారవు.

వైర్లు లాగాక ట్యూబు మీద ఫైర్ స్లీవ్ తొడగండి. అదే, లోపల గ్లాస్ ఫైబరు, పైన సిలికాన్ పూత ఉండేది. 150 మి.మీ. ముక్క చాలు. ఒక క్లాంపు ట్యూబు మీద, ఇంకొకటి వైర్ల కట్ట మీద. కట్ట సన్నగా ఉంటే రెండో క్లాంపు పట్టదు, అందుకని ముందు అక్కడ స్లీవ్ ముక్కనే కోసి రెండు చుట్లు చుట్టండి. స్లీవ్ కోసిన అంచులకి సీలెంట్ పూయకపోతే ఆ ఫైబరు ఆయిలుని వత్తిలా పీల్చుకుంటుంది. చివరికి కేబిన్ వైపు నుంచి ట్యూబు నోట్లో, వైర్ల మధ్య సందుల్లో కూడా, పీఆర్-812 లాంటి అసలైన ఫైర్‌వాల్ సీలెంట్ కూరండి. వైర్లు ట్యూబు అడ్డకోతలో సగానికి మించకూడదు, లేకపోతే సీలెంట్ లోపలికి దిగదు.

క్లాంపుల గురించి ఒక మాట. మామూలువాటికి పట్టీ స్టెయిన్‌లెసే గాని స్క్రూ మామూలు ఇనుము. మన ఉప్పుగాలికి అది తుప్పు పట్టి బిగుసుకుపోతుంది. అయస్కాంతం పెట్టి చూడండి, స్క్రూ గట్టిగా అంటుకుంటే ఆ క్లాంపు వద్దు.

వైరు ఎంఐఎల్-డబ్ల్యూ-22759/16, టెఫ్జెల్ తొడుగుది. దాని హద్దు 150 డిగ్రీలు. ఇళ్లలో వాడే పీవీసీ వైరు కాలితే కేబిన్ అంతా ఆమ్లపు పొగ కమ్ముకుంటుంది, ఆ జోలికే వెళ్లకండి.

డ్రైడాక్_07:
ఓడ ఫ్రేము సంగతి నేను చెప్తాను. అక్కడ ఏ-60 అనే రకం గోడ అంటే మంట ఆగడంతో సరిపోదు. 60 నిమిషాల దాకా అవతలి వైపు సగటు వేడి 140 డిగ్రీలకి మించి పెరగకూడదు. అందుకే ఆ గోడకి ఇన్సులేషన్ దట్టంగా ఉంటుంది, ఫ్రేముని మందపాటి స్టీలు ప్లేటుకి వెల్డ్ చేస్తారు. మీ 0.4 రేకు ఆ ఫ్రేము బరువే మోయలేదు.

ఇందులో మీకు పనికొచ్చేది ఒకటుంది. విమానం ఫైర్‌వాల్ వేడిని ఆపదు, మంటనే ఆపుతుంది. మంట తగిలితే కేబిన్ వైపు రేకు కూడా ఎర్రబడుతుంది. చప్పుడు తగ్గుతుందని ఆ వైపు ఫోమ్ అంటించేవాళ్లున్నారు. దయచేసి అంటించకండి. వైర్ల కట్ట కూడా లోపల రేకుని ఆనుకుని పోకూడదు.

మురళీనగర్_షెడ్:
థాంక్సండీ, గ్రామెట్ ఆలోచన మానేశాను. రెండు ట్యూబుల్లో వైర్లు ఎలా పంచమంటారు? ఎర్త్‌కి బ్యాటరీ నెగెటివ్‌ని ఫైర్‌వాల్ రేకుకే బిగిస్తే చాలదా? ఈజీటీ (ఎగ్జాస్ట్ వేడి కొలిచే సెన్సర్) వైర్లు పొట్టిగా ఉన్నాయి, మామూలు వైరుతో పొడిగించొచ్చా?

తీగెల_పెట్టె:
సెన్సర్లన్నీ ఒక ట్యూబులో, స్టార్టర్ కేబులూ ఛార్జింగ్ వైరూ రెండోదాంట్లో. ఇగ్నిషన్ ఆపే వైర్లు మాత్రం తలో ట్యూబులో ఒకటి, షీల్డ్ ఉన్నవి. ఒక్కోటి ఎర్త్‌కి తగిలితే దాని ఇగ్నిషన్ ఆగిపోతుంది. రెండూ ఒకే చోట ఒరుసుకుపోతే గాల్లో ఇంజినే ఆగుతుంది. తెగితే దానికి తలకిందులు: స్విచ్ ఆఫ్‌లో ఉన్నా ఇగ్నిషన్ బతికే ఉంటుంది, ప్రొపెల్లర్ చేత్తో తిప్పేవాడికి ప్రమాదం.

స్టార్టర్ కేబుల్ ఏడబ్ల్యూజీ (అమెరికన్ వైరు కొలత) 4, అంటే సుమారు 21 చదరపు మి.మీ. స్టార్టర్ రిలేని (ఆ కేబుల్‌కి కరెంటు కలిపే స్విచ్‌ని) బ్యాటరీ పక్కనే కేబిన్‌లో పెట్టండి. అప్పుడు ఫైర్‌వాల్ దాటే ఆ లావు కేబుల్‌లో స్టార్ట్ చేసే ఆ నాలుగు క్షణాలే కరెంటు ఉంటుంది. రిలే ఇంజిను వైపు ఉంటే మాస్టర్ స్విచ్ ఆన్ చేసినంతసేపూ ఫ్యూజు లేని బ్యాటరీ మొత్తం ఆ కేబుల్‌లోనే కూర్చుంటుంది. ఛార్జింగ్‌కి ఏడబ్ల్యూజీ 10 చాలు, ఈ ఇంజిను జనరేటరు 250 వాట్లే. 30 ఆంపియర్ల ఫ్యూజు బ్యాటరీ వైపు చివర పెట్టాలి, ఎందుకంటే షార్ట్ అయితే వందల ఆంపియర్లు వచ్చేది అటు నుంచే. రెగ్యులేటర్‌ని ఇంజిను వైపే చల్లగాలి తగిలే చోట బిగిస్తే జనరేటరు పసుపు వైర్లు రెండూ ఇటు రానే అక్కర్లేదు.

ఎర్త్: రేకుని నమ్మొద్దు. స్టెయిన్‌లెస్ నిరోధం రాగికి సుమారు నలభై రెట్లు. 8 మి.మీ. ఇత్తడి బోల్టు ఫైర్‌వాల్‌లోంచి ఇటు నుంచి అటుకి వెయ్యండి. లోపలి చివర బ్యాటరీ నెగెటివ్, బయటి చివర నుంచి ఇంజిను క్రాంక్‌కేసుకి (ఇంజిను బాడీకి) అల్లిక రాగి పట్టీ. ఇంజిను రబ్బరు బుష్‌ల మీద కూర్చుంటుంది కదా, ఈ పట్టీ మర్చిపోయినా వదులైనా స్టార్టర్ కరెంటు థ్రాటిల్ కేబుల్లోంచి దారి వెతుక్కుంటుంది. స్టార్ట్ చేయగానే థ్రాటిల్ కేబుల్ వేడెక్కితే ముందు చూడాల్సింది ఈ పట్టీనే.

ఈజీటీ కే టైపు థర్మోకపుల్, అంటే రెండు వేర్వేరు లోహాల వైర్లు కలిపి వేడి కొలిచేది. రాగి వైరు అతికిస్తే కొలత తప్పుతుంది. ఇంజిను వైపు అతుకు 80 డిగ్రీల్లో, లోపల మీటరు 35లో ఉంటే, చూపించేది దాదాపు 45 తక్కువ. కే టైపు పొడిగింపు వైరే కొనాలి, ప్లస్ మైనస్ తారుమారు కాకుండా చూసుకోవాలి. సిలిండర్ హెడ్ సెన్సర్ ఈ ఇంజినులో నిరోధం రకం, దానికి మామూలు వైరు పర్లేదు.

డ్రైడాక్_07:
కన్నం కొట్టేటప్పుడు కోబాల్ట్ బిట్, తక్కువ స్పీడు, గట్టి ఒత్తిడి, కటింగ్ ఆయిల్. ఆగి ఆగి రుద్దితే స్టెయిన్‌లెస్ అక్కడే గట్టిపడి బిట్ నీలమెక్కిపోతుంది. 19కి పంచ్ దొరికితే ఇంకా శుభ్రంగా వస్తుంది.

పెట్రోలు గొట్టాలకి పైగా వైర్లు పోవాలి, వీలైతే ఆరు అంగుళాల ఎడం. వీల్లేకపోతే కనీసం రెండు. క్లాంపుతో కదలకుండా పట్టి ఉంచగలిగితేనే అర అంగుళం దాకా రావచ్చు.

అంతా బిగించి సీలెంట్ ఆరాక, చీకట్లో ఇంజిను వైపు టార్చి పెట్టి ఒకరు లోపల నుంచి చూడండి. వెలుగు కనిపించిన ప్రతి చోటునుంచీ కార్బన్ మోనాక్సైడ్ కూడా వస్తుంది.